తోట కొలను పంపు, ఫిల్టరు పరిమాణ నిర్ణయం

తోట కొలను అనగా ఇంటి పెరటిలో గాని, ఉద్యానవనంలో గాని అలంకరణ కొరకు నిర్మించుకునే చిన్న జలాశయం. ఇందులో చేపలను పెంచేటప్పుడు నీరు పంపు ద్వారా ఫిల్టరును చేరి, శుద్ధి అయి, తిరిగి కొలనులోకి వస్తూ ఉండాలి. ఈ రెండు పరికరాలు ఎంతెంత పరిమాణంలో ఉండాలో ముందుగా లెక్కించుకోవడమే పరిమాణ నిర్ణయం. పంపు పెట్టెపై ముద్రించిన లీటర్ల సంఖ్యను కొలనులోని లీటర్లతో పోల్చి కొనడం చాలామంది అనుసరించే పద్ధతి. అయితే పెట్టెపై ఉన్నది సాధారణంగా నీటిని ఏమాత్రం పైకి ఎత్తనప్పటి ప్రవాహం. ఫిల్టరుపై పడే భారం కూడా కొలనులోని నీటిని బట్టి గాక, చేపలకు రోజూ వేసే మేతను బట్టి ఉంటుంది. కనుక పంపును అది పనిచేయవలసిన ఎత్తును బట్టి, ఫిల్టరును మేతను బట్టి ఎంచుకోవాలి.

ఈ వ్యాసంలో లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకోబడింది: 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు గల కొలను, అందులో ఒక్కొక్కటి అర కిలో బరువున్న 8 కోయ్ చేపలు.

పంపు అవసరం లేని కొలనులు

ప్రతి కొలనుకూ పంపు అవసరం లేదు. కలువలు, తామరలు పెంచి, దోమ పిల్లలను తినడానికి కొద్దిగా గప్పీ చేపలను వదిలి, వాటికి వేరుగా మేత వేయని కొలనులో మొక్కలు, మట్టిలోని సూక్ష్మజీవులు కలిసి మలినాలను సరిపెట్టుకుంటాయి. పైగా కలువ, తామర నిలకడ నీటిని ఇష్టపడతాయి. ఆకులపై ఎప్పుడూ నీరు చిమ్ముతుంటే సరిగా పెరగవు. మేత వేయడం మొదలుపెట్టిన నాటి నుండే పంపు, ఫిల్టరు తప్పనిసరి అవుతాయి.

కొలనులో జరిగే రసాయన మార్పులు

చేపలు తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమయ్యాక వాటి నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. తినకుండా మిగిలిన మేత, రాలిన ఆకులు కుళ్ళినప్పుడు కూడా అమ్మోనియా పుడుతుంది. నైట్రీకరణ బాక్టీరియా అనబడే సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గానూ, పిదప నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషతుల్యం. నైట్రేట్ హాని చాలా తక్కువ. దానిని మొక్కలు గ్రహిస్తాయి, మిగిలినది నీరు మార్చినప్పుడు తొలగిపోతుంది.

ఈ బాక్టీరియాను రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890లో వేరుచేసి చూపాడు. అమ్మోనియాను నైట్రైట్‌గా ఒక జాతి, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మరొక జాతి మారుస్తాయని చాలాకాలం భావించారు. ఈ రెండు పనులూ ఒక్కటే చేయగల బాక్టీరియా కూడా ఉన్నదని 2015లో వెల్లడైంది. ఏ జాతి అయినా వీటి జీవన విధానం ఒక్కటే: ఇవి గట్టి ఉపరితలాలకు పలుచని పొరగా అంటుకొని, తమ మీదుగా పారే నీటి నుండి అమ్మోనియాను, ప్రాణవాయువును గ్రహించి బ్రతుకుతాయి. ఫిల్టరు అంటే ఈ సూక్ష్మజీవులకు కట్టించి ఇచ్చిన ఇల్లు. పంపు ఆ ఇంటికి ఆహారాన్ని, గాలిని చేరవేసే సాధనం.

నీటిలోని అమ్మోనియా అంతా ఒకే విధంగా హాని చేయదు. అయనీకరణం చెందని భాగమే ఎక్కువ విషపూరితం. ఆ భాగం నీటి పీహెచ్‌తోనూ, వేడితోనూ పెరుగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో ఈ భాగం సుమారు 0.8 శాతం, పీహెచ్ 8 అయితే 7.5 శాతం, పీహెచ్ 9 అయితే 45 శాతం. నాచుతో పచ్చబడిన కొలనులో ఎండ వేళ కిరణజన్య సంయోగక్రియ వల్ల పీహెచ్ బాగా పెరుగుతుంది. ఉదయం బాగానే ఉన్న చేపలు సాయంత్రానికి ఇబ్బంది పడడానికి ఇది ఒక కారణం.

నీటి పరిమాణం

దీర్ఘచతురస్రాకార కొలనులో పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. దానిని 1000తో గుణిస్తే లీటర్లు. ఉదాహరణలోని కొలను: 3 × 2 × 1 = 6 ఘనపు మీటర్లు, అనగా 6,000 లీటర్లు. గుండ్రని లేదా కోడిగ్రుడ్డు ఆకారపు కొలనులో ఈ ఫలితాన్ని మరల 0.785తో గుణించాలి. గోడలు ఏటవాలుగా ఉంటే నాలుగైదు చోట్ల లోతు కొలిచి సగటు తీసుకోవాలి. ఆకారం బొత్తిగా సక్రమంగా లేని కొలనును నింపేటప్పుడే, కుళాయి ఒక బకెట్టు నింపడానికి పట్టే కాలాన్ని బట్టి కొలుచుకోవడం మేలు.

కావలసిన ప్రవాహం

కొలనులోని నీరంతటికి సమానమైన పరిమాణం ఒకసారి ఫిల్టరు గుండా పోవడానికి పట్టే కాలాన్ని మార్పిడి కాలం అనవచ్చును. వాడుకలో ఉన్న ప్రమాణాలు ఇవి:

* మొక్కలు ఎక్కువగా, చేపలు తక్కువగా ఉన్న కొలను: 4 గంటలు
* గోల్డ్‌ఫిష్ కొలను: 2 గంటలు
* కోయ్ కొలను: 1 నుండి 2 గంటలు

ఉదాహరణలోని కొలనులో 4 కిలోల చేపలే ఉన్నాయి కనుక 2 గంటలు తీసుకుంటే 6,000 ÷ 2 = గంటకు 3,000 లీటర్లు కావాలి. ఇది ఫిల్టరు గుండా వాస్తవంగా పారవలసిన నీరు. పంపు పెట్టెపై కనిపించవలసిన సంఖ్య కాదు.

హెడ్

పంపు నీటిని ఎత్తవలసిన మొత్తం ఎత్తును హెడ్ అంటారు. ఇది రెండు భాగాలు.

మొదటిది నిశ్చల ఎత్తు. దీనిని కొలనులోని నీటి మట్టం నుండి, నీరు బయటకు పడే చోటి వరకు కొలవాలి. పంపు నీటిలో ఎంత లోతున ఉన్నదన్న దానితో నిమిత్తం లేదు. పైనున్న నీటి ఒత్తిడి పంపుకు సహాయపడి ఆ లోతును సరిచేస్తుంది.

రెండవది ఘర్షణ నష్టం. గొట్టం గోడలకు, వంపులకు రాసుకుంటూ పోవడంలో నీరు కోల్పోయే శక్తిని కూడా మీటర్ల ఎత్తుగానే లెక్కిస్తారు. గొట్టం లోపలి వ్యాసం కొద్దిగా తగ్గినా ఈ నష్టం విపరీతంగా పెరుగుతుంది. గంటకు 3,000 లీటర్లు పారేటప్పుడు 10 మీటర్ల నున్నని ప్లాస్టిక్ గొట్టంలో కలిగే నష్టం సుమారుగా:

* 25 మి.మీ. (అంగుళం) గొట్టం: 1.25 మీటర్లు
* 32 మి.మీ. (అంగుళం పావు) గొట్టం: 0.38 మీటరు
* 40 మి.మీ. (అంగుళంన్నర) గొట్టం: 0.13 మీటరు

ఒక్కొక్క ఎల్బోకు దాని వ్యాసానికి 30 రెట్ల పొడవును అదనంగా కలపాలి. 32 మి.మీ. గొట్టంలో ఒక ఎల్బో దాదాపు మీటరు గొట్టంతో సమానం.

ఉదాహరణలో ఫిల్టరు తొట్టె నీటి మట్టం కంటే 1 మీటరు ఎత్తున, 10 మీటర్ల గొట్టం దూరంలో, 4 ఎల్బోలతో ఉన్నదనుకుందాము. 32 మి.మీ. గొట్టానికి లెక్కించవలసిన పొడవు 14 మీటర్లు, ఘర్షణ నష్టం 0.53 మీటరు. మొత్తం హెడ్ 1.53 మీటర్లు. కొనవలసినది 1.53 మీటర్ల హెడ్ వద్ద గంటకు 3,000 లీటర్లు ఇచ్చే పంపు.

పంపు పట్టిక చదివే విధానం

తయారీదారులు ఏ హెడ్ వద్ద ఎంత నీరు వస్తుందో తెలిపే పట్టికనో, గ్రాఫునో పంపుతో పాటు ఇస్తారు. దీనిని అడిగి చూడకుండా పంపు కొనరాదు. పెట్టెపై సాధారణంగా రెండు సంఖ్యలు ఉంటాయి: గరిష్ఠ ప్రవాహం, గరిష్ఠ హెడ్. ఈ రెండూ ఒకేసారి లభించేవి కావు. గరిష్ఠ ప్రవాహం సున్నా హెడ్ వద్ద వస్తుంది. గరిష్ఠ హెడ్ వద్ద ప్రవాహం సున్నా.

ఒక ఊహాత్మక పంపు పట్టిక ఇలా ఉన్నదనుకుందాము: సున్నా హెడ్ వద్ద గంటకు 5,000 లీటర్లు, 1 మీటరు వద్ద 3,900, 1.5 మీటర్ల వద్ద 3,100, 2 మీటర్ల వద్ద 2,200, 2.5 మీటర్ల వద్ద 1,200, 3 మీటర్ల వద్ద సున్నా. ఇదే పంపును పైన చెప్పిన కొలనుకు వేరు వేరు గొట్టాలతో బిగిస్తే గంటకు వచ్చే నీరు సుమారుగా:

* 20 మి.మీ. (ముప్పాతిక అంగుళం) గొట్టం: 1,500 లీటర్లు
* 25 మి.మీ. గొట్టం: 2,250 లీటర్లు
* 32 మి.మీ. గొట్టం: 3,050 లీటర్లు
* 40 మి.మీ. గొట్టం: 3,500 లీటర్లు

పంపు అదే, ఎత్తు అదే. సన్నని గొట్టం వాడినందువల్ల ప్రవాహం సగానికి పడిపోయింది. "5,000 లీటర్ల పంపు" నుండి 1,500 లీటర్లే రావడానికి పంపులో లోపం ఉండనక్కర లేదు.

బిగించిన తరువాత ప్రవాహాన్ని కొలవడం సులభం. ఫిల్టరులోకి వచ్చే నీటిని 20 లీటర్ల బకెట్టులో పట్టి, నిండడానికి పట్టిన సెకండ్లతో 72,000ను భాగిస్తే గంటకు లీటర్లు వస్తాయి. బకెట్టు 24 సెకండ్లలో నిండితే 3,000 లీటర్లు. 48 సెకండ్లు పడితే 1,500 లీటర్లు. ఈ కొలతను నెలకొకసారి రాసుకుంటే పంపు జాలీ మూసుకుపోవడం ముందుగానే తెలుస్తుంది.

విద్యుత్ వినియోగం

కొలను పంపు రాత్రింబవళ్ళు నడవాలి. ఉదాహరణలోని నీటిని ఎత్తడానికి సిద్ధాంతరీత్యా సుమారు 12.5 వాట్లు చాలు. చిన్న పంపు సామర్థ్యం 20 శాతం అనుకుంటే 60 వాట్ల పైచిలుకు పంపు కావాలి. 60 వాట్లకు రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు ఖర్చవుతాయి.

ఇంటి పైనున్న ట్యాంకుకు నీరెక్కించే 1 హార్స్‌పవర్ మోనోబ్లాక్ పంపును దీనికి వాడితే నెలకు దాదాపు 537 యూనిట్లు కాలుతాయి. అది ఎక్కువ ఎత్తుకు కొద్దిసేపు తోడడానికి ఉద్దేశించినది. తక్కువ ఎత్తుకు నిరంతరం నడపడానికి తగినది కాదు. ఖర్చుకు వెరచి రోజుకు రెండు మూడు గంటలే నడిపితే ఫిల్టరులోని బాక్టీరియా మిగిలిన కాలమంతా ప్రాణవాయువు లేక క్షీణిస్తుంది. పెద్ద పంపును కొద్దిసేపు నడపడం కంటే తగిన చిన్న పంపును నిరంతరం నడపడం మేలు.

ఫిల్టరు భాగాలు

ఫిల్టరులో రెండు దశలు ఉంటాయి. మొదటిది యాంత్రిక వడపోత: బ్రష్‌లు, స్పాంజి, జల్లెడ వంటివి మడ్డిని, ఆకు ముక్కలను పట్టి ఉంచుతాయి. రెండవది జీవ వడపోత: బాక్టీరియా పెరిగే కంకర, ప్లాస్టిక్ ముక్కలు వంటి మాధ్యమం. నీరు మొదట యాంత్రిక దశ దాటి తరువాతనే జీవ దశకు చేరాలి. ఈ క్రమం తప్పితే మడ్డి మాధ్యమాన్ని కప్పివేసి బాక్టీరియాకు నీరు, గాలి అందకుండా చేస్తుంది.

ఫిల్టరు నుండి కొలనుకు నీరు తిరిగి వచ్చే గొట్టం, పంపు గొట్టం కంటే కనీసం ఒకటి రెండు సైజులు పెద్దదిగా ఉండాలి. పంపు నీటిని నెడుతుంది. తిరుగు గొట్టంలో నీరు తనంత తానే పల్లానికి పోవాలి. అది చాలకపోతే ఫిల్టరు తొట్టె పొంగి, రాత్రికి రాత్రి కొలను ఖాళీ కావచ్చును. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి పంపును కొలను అడుగు నుండి 30 సెంటీమీటర్ల ఎత్తున అమర్చడం మంచిది. ఉదాహరణలోని కొలనులో అప్పుడు నీరంతా పోయినా 1,800 లీటర్లు చేపలకు మిగులుతాయి. అడుగున చేరే మడ్డిని విడిగా తీయవలసి రావడం ఈ ఏర్పాటులోని ఇబ్బంది.

జీవ ఫిల్టరు లెక్క

1. మేత: 4 కిలోల చేపలకు బరువులో 1.5 శాతం చొప్పున రోజుకు 60 గ్రాములు.
2. మాంసకృత్తులు: మేతలో 35 శాతం ఉంటే 21 గ్రాములు.
3. అమ్మోనియా నత్రజని: మాంసకృత్తులలో సుమారు 9.2 శాతం, అనగా రోజుకు 1.9 గ్రాములు.
4. ఉపరితలం: అమ్మోనియా స్వల్పంగా ఉండే కొలను నీటిలో చదరపు మీటరుకు రోజుకు 0.1 గ్రాము శుద్ధి అవుతుందని జాగ్రత్తగా అంచనా వేస్తే 19 చదరపు మీటర్లు.
5. మాధ్యమం: 20 మి.మీ. గుండ్రని కంకర ఒక ఘనపు మీటరులో సుమారు 165 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది కనుక 115 లీటర్ల కంకర. ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్లు ఇచ్చే ప్లాస్టిక్ ముక్కలైతే 38 లీటర్లు.

ఫిల్టరే లేకపోతే ఏమవుతుందో ఈ లెక్క నుండే తెలుసుకోవచ్చును. రోజుకు 1.9 గ్రాములు 6,000 లీటర్లలో కలిస్తే లీటరుకు 0.32 మిల్లీగ్రాము పెరుగుతుంది. మూడు రోజులకు దాదాపు 1 మిల్లీగ్రాము. పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలు ఉన్న నీటిలో ఇందులో విషపూరిత భాగం 0.07 మిల్లీగ్రాము. చేపల పెంపకంలో దీర్ఘకాలానికి సాధారణంగా పాటించే పరిమితి 0.02 మిల్లీగ్రాము. అంటే నీరు చూడడానికి అద్దంలా తేటగా ఉన్నా మూడవ రోజుకే పరిమితికి మూడు రెట్లు దాటిపోతుంది.

చేపలు పెరుగుతాయన్నది మరువరాదు. ఈ 8 కోయ్‌లే ఒక్కొక్కటి కిలోన్నర చొప్పున పెరిగితే మొత్తం 12 కిలోలు అవుతాయి. పెద్ద చేపలకు 1 శాతం చొప్పున వేసినా మేత రోజుకు 120 గ్రాములు, అనగా రెండింతలు. కొలను లీటర్లు మారలేదు, చేపల సంఖ్య మారలేదు, ఫిల్టరు భారం మాత్రం రెట్టింపు అయినది. కావున లెక్కకు వచ్చిన మాధ్యమానికి రెట్టింపు, అనగా 230 లీటర్ల కంకరను గాని, 76 లీటర్ల ప్లాస్టిక్ ముక్కలను గాని మొదటనే ఏర్పాటు చేసుకోవాలి.

పంపుకూ ఫిల్టరుకూ ఉన్న సంబంధం ఇక్కడ స్పష్టమవుతుంది. గంటకు 3,000 లీటర్లంటే రోజుకు 72,000 లీటర్లు, 1.9 గ్రాములు తొలగాలంటే ఫిల్టరు దాటే ప్రతి లీటరులో 0.027 మిల్లీగ్రాము తగ్గితే చాలు. గంటకు 1,500 లీటర్లే పారితే ప్రతి లీటరులో 0.053 తగ్గాలి. అంటే ఫిల్టరు నూటికి నూరు పాళ్ళు పనిచేసినా కొలనులో అమ్మోనియా అంతకంటే తగ్గదు. ఎంత గొప్ప ఫిల్టరైనా తన వద్దకు రాని నీటిని శుద్ధి చేయలేదు.

ప్రాణవాయువు, క్షారత

ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సుమారు 4.57 గ్రాముల ప్రాణవాయువు, 7.14 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత ఖర్చవుతాయి. ఉదాహరణలో ఇవి రోజుకు 8.8 గ్రాములు, 13.8 గ్రాములు. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. వేసవిలో చేపలకు, బాక్టీరియాకు అవసరం పెరుగుతుంది, లభించేది తగ్గుతుంది. తిరుగు నీరు కొద్ది ఎత్తు నుండి కొలనులో పడేలా చేస్తే గాలి కలుస్తుంది.

బోరు నీటిలో సాధారణంగా క్షారత తగినంత ఉంటుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్షారత గల 6,000 లీటర్లలో నిల్వ 600 గ్రాములు. అది నలభై రోజులకు పైగా వస్తుంది. వాన నీటితో నింపిన కొలనులో 20 మిల్లీగ్రాములే ఉంటే తొమ్మిది రోజులలో అయిపోయి పీహెచ్ హఠాత్తుగా పడిపోతుంది. వారానికొకసారి పదవ వంతు నీరు మారుస్తూ, క్షారత గల నీటిని కలుపుతూ ఉండాలి.

పచ్చని నీరు, అతినీలలోహిత దీపం

నీటిలో తేలియాడే సూక్ష్మ నాచు వల్ల కొలను పచ్చబడుతుంది. ఈ నాచు ఫిల్టరు రంధ్రాలలో చిక్కదు. గొట్టం మార్గంలో అతినీలలోహిత దీపాన్ని అమరిస్తే నాచు కణాలు నశించి ముద్దలుగా చేరి, యాంత్రిక దశలో చిక్కుతాయి. ఇది నీటిని తేటపరుస్తుందే గాని అమ్మోనియాను తొలగించదు. ఫిల్టరుకు ప్రత్యామ్నాయం కాదు. దీపం వెలుగుతున్నట్లు కనిపించినా శక్తి క్షీణిస్తుంది కనుక ఏడాదికొకసారి మార్చాలి. దాని కాంతిని నేరుగా చూడరాదు.

విద్యుత్ కోత, భద్రత

కరెంటు పోయినప్పుడు మూసి ఉన్న ఫిల్టరులోని నీటిలో ప్రాణవాయువు కొద్ది గంటలలోనే తరిగిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపునైనా సిద్ధంగా ఉంచుకోవాలి. కోత సమయంలో మేత వేయరాదు. కోత చాలాసేపు సాగితే, కరెంటు వచ్చిన తరువాత ఫిల్టరులో నిలిచిన దుర్వాసన గల నీటిని మొక్కలకు వదిలి, ఆ పిమ్మటనే పంపును కొలనుకు కలపాలి.

నీటిలో మునిగి ఉండే పంపుకు విద్యుత్ ప్రవాహం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారానే రావాలి. ఎర్తింగ్ సరిగా ఉండాలి. కొలనులో చేయి పెట్టే ముందు పంపు స్విచ్ ఆపి, ప్లగ్ తీయాలి. పిల్లలు తిరిగే పెరటిలో ఈ నియమం మరింత ముఖ్యం.

నిర్వహణ

కొత్త ఫిల్టరు బిగించిన రోజునుండే పనిచేయదు. బాక్టీరియా తగినంత పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు కొద్దిగానే వదిలి, మేత తగ్గించి, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించే కిట్‌తో నీటిని చూసుకోవాలి.

ఫిల్టరు మాధ్యమాన్ని కుళాయి నీటితో కడగరాదు. పురపాలక సంఘాల నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. కొలను నీటినే బకెట్టులో తీసుకొని మడ్డి వదిలేంతవరకు మాత్రమే జాడించాలి. అంతా ఒకేరోజు కడగకుండా సగం ఒకసారి, మిగిలిన సగం కొన్ని వారాల తరువాత కడగాలి. కొలనులో కలిపే కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్ (హైపో)తో తొలగించాలి.

ఇవి కూడా చూడండి

* నత్రజని చక్రం
* అపకేంద్ర పంపు
* కోయ్
* గోల్డ్‌ఫిష్
* అక్వేరియం